వాద్యం లోపలికి, వాద్యకారుడు బయటికా?



చైత్రమాసంలో అరకులోయకు వెళ్లినవారికి ధింసా నాట్యాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. తుడుము, డప్పు మోగుతాయి. మోరి, జోడుకొమ్ముల నాదం కొండల్లో మారుమోగుతుంది. స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని అడుగులు వేస్తారు. పట్నం నుండి వచ్చినవారు ఫోటోలు తీసుకొని, చప్పట్లు కొట్టి, బస్సెక్కి వెళ్లిపోతారు. కొమ్ము ఊదిన మనిషి పేరు అడిగేవారు ఎందరు?

పాటను ప్రేమించి, దానిని వినిపించిన మనిషిని మాత్రం దూరంగా ఉంచడం న్యాయమేనా? "డబ్బిచ్చాం, వాయించాడు, లెక్క సరిపోయింది" అంటే నిజంగా సరిపోయినట్లేనా?

మన ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా గారి జీవితం చూడండి. వారిది ముస్లిం కుటుంబం. తరతరాలుగా హైందవ దేవాలయాలలో నాదస్వరం ఊదిన వంశం. ఆయన తంజావూరు బాణీ మీద మనసుపడి, తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు గార్ల వద్ద మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో కన్నుమూశారు. బిరుదు ఇచ్చినవారికి ఆయన మతం అడ్డు కాలేదు. నాదం ముందు గోడలు కూలాయి.

అయితే కీర్తి కూడా అన్ని గోడలనూ కూల్చలేదు. జాజ్ సంగీతానికి ప్రపంచఖ్యాతి తెచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో, నల్లజాతివారి పేదవాడలో పుట్టారు. ఆ నెలలోనే ఒక కతోలిక దేవాలయంలో జ్ఞానస్నానం పొందారు. తుపాకి పేల్చిన నేరానికి బాలుర దిద్దుబాటు గృహానికి పంపితే, అక్కడే ఆ బాలుడు కార్నెట్ ఊదడంలో ఆరితేరాడు. తరువాత లోకమంతా ఆయన వాద్యానికి పరవశించింది. కాని చర్మం రంగు చూసి, తాను వాయించిన హోటళ్లలోనే ఆయనకు గది ఇవ్వని రోజులున్నాయి. తెల్లవారు, నల్లవారు కలిసి వాయించరాదని 1956లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఆ తరువాత 1965 వరకు ఆయన సొంత ఊరిలో కచేరీ చేయలేదు.

"అది అమెరికా సంగతి, మనకెందుకు?" అంటారా? అయితే మన విచారణ పండుగను గుర్తు చేసుకుందాం. తేరు ముందు డప్పులు, సన్నాయి, బ్యాండు మేళం కావాలి. ఊరేగింపు గుడి ముంగిటికి చేరాక ఆ వాద్యకారులు ఎక్కడ కూర్చుంటారు? చాలాచోట్ల చెట్టు కింద. అందరి భోజనాలయ్యాక చివరి పంక్తిలో మిగిలినది వారికి. "వాళ్లకు అలవాటేనండీ, పిలిచినా రారు" అంటాం. ఎన్ని తరాలు గెంటితే ఆ అలవాటు వచ్చిందో ఆలోచించం.

చిన మౌలానా గారిని గౌరవించడం కష్టం కాదు. బిరుదు ఉన్నవారికి ఎవరైనా కుర్చీ వేస్తారు. పేరు తెలియని డప్పు వాయిద్యగానికి కుర్చీ వేసినప్పుడే మన గౌరవం ప్రతిభకా, మనిషికా అన్నది తేలుతుంది. సభలోకి వచ్చిన ధనవంతుణ్ణి మంచిచోట కూర్చోబెట్టి, పేదవాణ్ణి నిలబెట్టేవారిని పునీత యాకోబు తన లేఖలో గట్టిగా మందలించాడు. ఆయన అడిగింది ప్రతిభను గురించి కాదు, చోటును గురించి.

అన్యజనుల సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవమివ్వాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే బోధించింది. కొండ విచారణలలో తుడుము, మోరి దివ్యబలిపూజలో వినిపిస్తే సంతోషమే. కాని వాద్యం పీఠం దాకా వచ్చి, వాయించినవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతే, మనం పిలిచింది చప్పుడునే గాని సోదరుణ్ణి కాదు.

దేవుడు మట్టిబొమ్మలోకి ఊపిరి ఊది మనిషిని చేశాడని ఆదికాండము చెబుతుంది. కొమ్ములోకి వెళ్లే ఊపిరి, మనం ప్రార్థన చెప్పే ఊపిరి, రెండూ ఆయన ఇచ్చినవే.

వచ్చే పండుగనాడు ఒక పని చేయండి. మేళగాళ్ల దగ్గరకు వెళ్లి పేరు అడగండి. మొదటి పంక్తిలో మీ పిల్లల పక్కన కూర్చోబెట్టి వడ్డించండి. పిలిచినా రాకపోతే, మీ విస్తరి తీసుకొని ఆ చెట్టు కిందికే వెళ్లండి.