రుద్దితే వచ్చే మెరుపు

లోహంలో తొలిచిన గుండ్రటి రంధ్రాన్ని పనివారు బోరు అంటారు; దాని లోపలి గోడ మీద డ్రిల్లు గీసిన గీతలు, అంచున లేచి నిలిచే పదునైన రేకు, అంటే బర్, తొలగితే తప్ప అందులోకి ఇరుసు సాఫీగా దిగదు. ఈ పనికి ఇంట్లోనే చేసుకోగల సాధనం ఒకటుంది. బోరు కన్నా కాస్త సన్నని ఇత్తడి కడ్డీ కొనను హాక్సాతో నిలువుగా చీల్చి, ఆ చీలికలో ఎమరీ గుడ్డ పీలికను దూర్చి, గరుకు వైపు బయటికి ఉండేలా, కడ్డీ తిరిగేటప్పుడు పీలిక కొస వెనకాలే వచ్చేలా చుట్టి, డ్రిల్లింగ్ మిషన్‌కు బిగిస్తారు. నాలుగు చుక్కల నూనె వేసి, ఒకే చోట ఆపకుండా లోపలికీ బయటికీ ఆడిస్తూ, 180 నంబరు గరుకుతో మొదలుపెట్టి 320కీ, 600కీ వెళితే లోపలి గోడ మెరుస్తుంది.

ఆ మెరుపు కొత్తగా పుట్టిందా, ముందే ఉండి మరుగుపడిందా అన్న ప్రశ్న వేదాంతంలో చాలా పాతది. బ్రహ్మసూత్రాల నాలుగో సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు సంస్కారం రెండు విధాలన్నారు: లేని గుణాన్ని చేర్చడం గుణాధానం, ఉన్న దోషాన్ని తీసివేయడం దోషాపనయనం. మోక్షం ఆత్మకు సహజమే అయినా, రుద్దిన అద్దంలో కాంతి బయటపడినట్లు అది కర్మ వల్లనే వ్యక్తమవుతుందని పూర్వపక్షి, అంటే ఎదుటి వాదాన్ని వినిపించేవాడు, అంటాడు. నాటి లోహపు అద్దాలకు మెరుపు రుద్దడం వల్లనే వచ్చేది కనుక ఈ ఉపమానం నేరుగా కార్ఖానాలోంచి వచ్చినదే. శంకరులు దీన్ని అంగీకరించలేదు. ఏ క్రియ అయినా తనకు ఆశ్రయమైన వస్తువును మార్చకుండా జరగదనీ, మారేది నిత్యం కాజాలదనీ ఆయన సమాధానం. ఎమరీ గుడ్డ ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది: ప్రతి రుద్దుకూ కొంత లోహం అరిగి, బోరు వెంట్రుకవాసి అయినా పెద్దదవుతుంది.

కాబట్టి రుద్దుడు అవసరమైనది ఆత్మకు కాదు, అంతఃకరణానికి, అంటే మనసుకు. కర్మ వల్ల కలిగేది చిత్తశుద్ధి మాత్రమే. దానికీ హద్దుంది. పీలిక రంధ్రం ఆకారాన్నే అనుసరిస్తుంది కనుక వంకరగా పడిన బోరును ఎంత రుద్దినా తిన్నగా చేయలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది సాధనం తొలగిపోవడం. బురదనీటిలో చిల్లగింజ పొడి మురికిని అడుగుకు దించి తానూ అణగిపోయినట్లు, జ్ఞానం అజ్ఞానాన్ని పోగొట్టి తానూ నశిస్తుందని శంకరుల పేర ప్రసిద్ధమైన ఆత్మబోధ చెబుతుంది. ఎమరీ పొడి అంత సులువుగా పోదు. మెత్తని లోహంలోనైతే గుచ్చుకుని ఉండిపోయి, తర్వాత ఇరుసును కొరికేస్తుంది. కిరసనాయిలుతో కడిగి, శుభ్రమైన గుడ్డను లోపలికి లాగి చూసినప్పుడు నలుపు అంటకపోతేనే బోరు పని పూర్తయినట్లు.