మరపు వేరు, వదులుకోవడం వేరు

కొత్తది చేయాలంటే పాతది మర్చిపోవాలన్న మాట ఇప్పుడు ఆఫీసుల్లో తరచూ వినిపిస్తోంది. దాన్ని 'అన్‌లెర్నింగ్' అంటున్నారు. సంస్థలు నేర్చుకోవడమే కాదు, నేర్చుకున్నది వదులుకోవాలి కూడా అని స్వీడన్ పరిశోధకుడు బో హెడ్‌బర్గ్ 1981లోనే రాశాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బోధన్ గుర్తొస్తుంది. సరే, మర్చిపోదాం. కానీ దేన్ని? ఆ ఖర్చు ఎవరిది?

చక్కెర పనే చూడండి. చెరుకు రసాన్ని చిక్కబరిచి, పాన్‌లో గింజ కట్టిస్తారు. అక్కడ నిలబడ్డ మనిషి కాస్త పాకం తీసి, గాజుముక్క మీద పూసి, వెలుతురులో గింజను చూస్తాడు. కట్టిన చక్కెర తీసేశాక మిగిలిన మొలాసిస్‌ను మళ్లీ ఉడికిస్తారు. మామూలుగా మూడు దఫాలు. చివరి మడ్డిలో చక్కెర ఎంత తక్కువ మిగిలితే అంత పనితనం అన్నట్టు.

2018 జాతీయ జీవ ఇంధన విధానం దీన్ని తిరగేసింది. రెండో దఫాకే ఆపేసి, చక్కెర మిగిలిన మొలాసిస్‌ను ఇథనాల్‌కు పంపే దారి తెరుచుకుంది. నిన్నటి తప్పు ఇవాళ పద్ధతైంది. మరి ఆ పనిమనిషి వదులుకున్నదేమిటి? చివరి గింజదాకా పిండాలన్న పంతాన్ని. పాకాన్ని చదివే కన్ను మాత్రం అతనికి ఇంకా కావాలి. మొదటి రెండు దఫాల్లో చక్కెర సరిగ్గా కట్టకపోతే లెక్కంతా తప్పుతుంది కదా.

బోధన్‌లో జరిగింది వేరు. నిజాంసాగర్ నీళ్ల మీద చెరుకు పెరిగిన ఆ నేలలో, 1937లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. అంటే 2018లో కొత్త దారి తెరుచుకునేసరికి ఇక్కడ పాన్ కింద ఆవిరే లేదు. ఎవరూ ఏదీ ఆలోచించి వదులుకోలేదు. తెలిసినవాళ్లు చెదిరిపోయారు, అంతే. 2024లో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం కమిటీ వేసింది. యంత్రాలు కొనొచ్చు. ఏ ఊళ్లో ఎవరి చెరుకు ఎప్పుడు కోతకొస్తుందో తెలిసిన ఫీల్డు మనిషిని టెండరు పిలిచి తెచ్చుకోలేం.

పాతదంతా బంగారమని నేననడం లేదు. లక్ష్యం మారిందని ఒప్పుకోని నైపుణ్యం కాళ్లకు సంకెళ్లే. కానీ దేన్ని వదలాలో తేల్చాలంటే అది తెలిసినవాడు ఆ గదిలో ఉండాలి. అతన్ని ముందే బయటికి పంపేసి, మిగిలిన ఖాళీని 'మార్పు' అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఒకరి ముప్పై ఏళ్ల పనిని వాడుకుని, చివరికి అతన్ని ఒక్క మాటైనా అడగకపోవడం అది.

2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. పసుపుతో కొత్త సరుకులు చేద్దామన్న ఆలోచన అక్కడా వస్తుంది. రావాలి కూడా. అప్పుడు, కొమ్ము ఉడికించి ఆరబెట్టే రైతుకు "ఈ పద్ధతి మానెయ్" అని చెప్పేముందు, "ఇట్లెందుకు చేస్తున్నవ్?" అని ఎవరైనా అడుగుతారా అన్నదే నా ప్రశ్న.