తూకం చెప్పేది ఎంత సత్యం?

మా ఇంట్లో స్నానాల గది గుమ్మం పక్కన ఒక చిన్న తూకపు యంత్రం ఉంది. మా నాన్నగారు ప్రతి శనివారం ఉదయం స్నానం చేసి, గుడికి బయలుదేరే ముందు దాని మీద నిలబడేవారు. ఇరవై ఏళ్ళుగా ఆయన బరువు 58 కిలోలకు కాస్త అటూ ఇటూ తప్ప కదలలేదు. ఎత్తు 165 సెంటీమీటర్లు. "వయసులో ఉన్నప్పుడు ఎంత ఉన్నానో ఇప్పుడూ అంతే ఉన్నాను. నాకు డాక్టరుతో పనేముంది?" అని తృప్తిగా నవ్వేవారు.

అదే యంత్రం మీద, అదే ఏడాది, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి నిలబడింది. వచ్చిన అంకెను ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పట్టికతో పోల్చుకొని, తాను లావుగా ఉన్నానని తీర్మానించుకొని, రాత్రి భోజనం మానేసింది. బడి బ్యాడ్మింటన్ జట్టులో ఆడే పిల్ల అది. ఆమె చూసినది పెద్దవారి పట్టిక అనీ, ఎదిగే పిల్లలకు వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు పట్టికలు ఉంటాయనీ మాకు తరువాత గాని తెలియలేదు.

కొన్ని నెలలకు నాన్నగారికి కంటి శుక్లాల ఆపరేషను చేయవలసి వచ్చింది. ముందుగా చేసిన రక్తపరీక్షలో మధుమేహం బయటపడింది. అది చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందని డాక్టరు అన్నారు. అమ్మాయికి చేసిన పరీక్షల్లో మాత్రం ఏ లోపమూ కనబడలేదు.

ఒకే యంత్రం తాతకు అభయమిచ్చింది, మనుమరాలికి శిక్ష విధించింది. రెండూ తప్పే. కాని అది చూపిన అంకె రెండుసార్లూ ఒప్పే. ఒప్పైన అంకె మనల్ని తప్పుదోవ ఎలా పట్టించగలిగింది? ఈ ప్రశ్న వైద్యశాస్త్రానికే పరిమితమైనది కాదు. సత్యం అంటే ఏమిటి, దానిని మనం ఎలా వాడుకుంటున్నాము అన్న విచారణ కూడా ఇందులో ఉంది.

ఈ దేశానికి వచ్చిన మన పూర్వీకులకు ఈ ప్రశ్న అపరిచితమైనది కాదు. రబ్బరు తోటల్లో తెల్లవారకముందే చెట్లకు గాట్లు పెట్టి, కారిన పాలను బకెట్లలో పోసుకొని, తూకం వేసే చోటుకు మోసుకువెళ్ళేవారు. అయితే రబ్బరు పాలలో అసలు రబ్బరు సుమారు మూడో వంతే. మిగిలినదానిలో అధికభాగం నీరు. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి, వానను బట్టి ఆ పాళ్ళు మారుతుంటాయి. అందుచేత బకెట్టును తూచడంతో పని ముగిసేది కాదు. మెట్రోలాక్ అనే సాధనాన్ని పాలలో తేలవేసి, అది ఎంతవరకు మునిగిందో చూసి, అందులోని ఎండు రబ్బరు ఎంతో అంచనా కట్టేవారు. రెండు బకెట్లు సమానంగా తూగినా రెండింటిలోని రబ్బరు సమానం కాకపోవచ్చునని తోటలో అందరికీ తెలుసు. తూకం అబద్ధమాడలేదు. అది చెప్పగలిగినంతే చెప్పింది.

మానవదేహమూ అటువంటిదే. ఎముక, కండరం, కొవ్వు, నీరు కలిసినదే ఈ శరీరం. అందులో సగానికి పైగా నీరే. ఒక లీటరు నీళ్ళు తాగి మళ్ళీ యంత్రం ఎక్కితే ఒక కిలో పెరిగినట్టు చూపుతుంది. ఆ క్షణంలో మనం లావెక్కామా? కండరం కొవ్వుకంటే సాంద్రమైనది. కనుక ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరు దృఢకాయులు, మరొకరు కొవ్వు పట్టినవారు కావచ్చు. వృద్ధాప్యంలో కండరం తరిగి ఆ చోట కొవ్వు చేరుతున్నా, యంత్రం మీది అంకె కదలకుండా ఉండవచ్చు. మా నాన్నగారి విషయంలో జరిగినది బహుశా ఇదే.

బరువు ఒక్కటే చాలదని గ్రహించి, దానికి ఎత్తును జతచేసినదే దేహ ద్రవ్యరాశి సూచిక. దీనినే అందరూ బీఎంఐ అంటున్నారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును దానితోనే గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్నవారికి ఇది 25 అవుతుంది. ఈ సూత్రానికి మూలపురుషుడు బెల్జియం దేశపు గణితవేత్త అడోల్ఫ్ కెత్లే. 19వ శతాబ్దంలో ఆయన వేలాది మనుషుల కొలతలను సేకరించి, "సగటు మనిషి" ఎలా ఉంటాడో తెలుసుకోగోరాడు. ఒక వ్యక్తి ఆరోగ్యాన్ని నిర్ణయించడం ఆయన ఉద్దేశం కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఆ సూత్రానికి నేటి పేరు పెట్టారు. జనసమూహాలను పోల్చడానికి అది అనుకూలమని వారు భావించారు. సగటు మనిషి కోసం పుట్టిన అంకె క్రమంగా ఒక్కొక్క మనిషి మీద తీర్పుగా మారింది.

ఆ తీర్పు ఎంత దూరం పోగలదో మన దేశంలోనే చూశాము. ఒక విమానయాన సంస్థలో పాతికేళ్ళు పనిచేసిన ఒక ఉద్యోగిని, సంస్థ విధించిన బరువు పరిమితికి 0.7 కిలో మించి ఉన్నందున ఉద్యోగం కోల్పోయింది. 0.7 కిలో అంటే ఇంచుమించు మూడు గ్లాసుల నీళ్ళు. ఆమెకు సంస్థ పలు అవకాశాలు ఇచ్చిందని భావించి, 2020లో పారిశ్రామిక న్యాయస్థానం ఆ తొలగింపును సమర్థించింది. సంస్థకు నియమం పెట్టే హక్కు ఉందా లేదా అన్నది చట్టం తేల్చవలసిన విషయం. ఒక మనిషి సామర్థ్యాన్ని ఆ మూడు గ్లాసుల నీళ్ళు చెప్పగలవా అన్నది మాత్రం మనలో ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న.

ఇంతవరకు చదివినవారు "అయితే ఈ అంకెను నమ్మనక్కరలేదు, యంత్రాన్ని అవతల పారవేయవచ్చు" అనుకోవచ్చు. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. బీఎంఐ మీద వచ్చే విమర్శలు సాధారణంగా అది మనుషులను అన్యాయంగా లావు అంటున్నదని చెబుతాయి. మన విషయంలో అది తరచు చేసే పొరపాటు దీనికి విరుద్ధమైనది. మనలో చాలామందిని అది అకారణంగా క్షేమమంటున్నది.

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం వెలువడింది. రచయితలు ఇద్దరు. పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన వైద్యుడు జాన్ యుడ్‌కిన్. వారు తమ ఛాయాచిత్రాన్నే అందులో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. చూడడానికి ఇద్దరూ సన్ననివారే. కాని ఎక్స్‌రే యంత్రంతో కొలిస్తే యుడ్‌కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం. యుడ్‌కిన్ మారథాన్ పరుగులు తీస్తారనీ, తన వ్యాయామమంతా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకోకముందే పరుగెత్తి అందుకోవడమేననీ యాజ్ఞిక్ హాస్యంగా ఒప్పుకున్నారు. అయితే ఇందులో అలవాట్ల పాత్రతో పాటు పుట్టుక పాత్ర కూడా ఉంది. పుణే ప్రాంతంలో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసినప్పుడు, మన పిల్లలు ఎంతో తక్కువ బరువుతో పుట్టినా, కండరం తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని ఆయన బృందం కనుగొన్నది.

అదే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా ప్రజలకు తక్కువ బీఎంఐ వద్దనే ముప్పు మొదలవుతున్నదని గుర్తించారు. 25, 30 అనే అంతర్జాతీయ హద్దులను ఉంచుతూనే, 23, 27.5 వద్ద కూడా హెచ్చరిక గీతలు చేర్చారు. ఆ ఏడాది వెలువడిన మలేషియా వైద్య మార్గదర్శకాలు 23నే అధిక బరువుకు ఆరంభంగా తీసుకున్నాయి. కనుక 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మనిషి ఒక పట్టికలో క్షేమంగా, మరొక పట్టికలో ముప్పు అంచున ఉన్నట్టు కనిపిస్తారు. దేహం ఒక్కటే, గీత మాత్రం మారింది. ఆ గీతలు గీసినది మనుషులే అన్న సంగతి మరువరాదు. అవి ఊరకే గీసినవి కావన్నదీ మరువరాదు. 2019 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశపు వయోజనులలో 50.1 శాతం మందికి అధిక బరువో స్థూలకాయమో ఉండేది. 18.3 శాతం మందికి మధుమేహం ఉండేది. మధుమేహం అధికంగా కనిపించినది భారతీయ సంతతి వారిలోనే. ఇంతటి జనసమూహాల గురించి మాట్లాడేటప్పుడు బీఎంఐ ఎంతో ఉపయోగపడుతుంది. ఒక్క మనిషి గురించి అయితే అది మొదటి మాట మాత్రమే.

కనుక అంకెను పూజించడం ఎంత పొరపాటో, మనసు నొచ్చుకొని దానిని నిందించడమూ అంతే పొరపాటు. శ్రీకృష్ణ తులాభారం కథ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. సత్యభామ తన నగలన్నీ పేర్చినా తక్కెడ లేవలేదు. రుక్మిణి భక్తితో ఉంచిన తులసిదళానికి తూగింది. బంగారానికి బరువు లేక కాదు. బంగారంతో కొలవదగనిదానిని బంగారంతో కొలవబోవడమే సత్యభామ చేసిన పొరపాటు. ఏ కొలతతో దేనిని కొలవవచ్చునో ఎరగడం కూడా వివేకమే. తూకం బరువును కొలుస్తుంది. ఆరోగ్యాన్ని సూచించగలదు, నిర్ధారించలేదు. మనిషి విలువ దాని పరిధిలోనే లేదు.

మరి సామాన్య కుటుంబం ఏమి చేయాలి? మెట్రోలాక్ వంటి రెండో కొలత మనకూ కావాలి. 2025 జనవరిలో వెలువడిన ఒక అంతర్జాతీయ వైద్య నిపుణుల నివేదిక కూడా బీఎంఐ ఒక్కదానితోనే వ్యక్తికి స్థూలకాయమని నిర్ధారించరాదని, నడుము చుట్టుకొలత వంటి మరొక కొలతను జోడించాలని సూచించింది. మన పెద్దలు మొలతాడు బిగువైనప్పుడే పొట్ట పెరిగిందని గ్రహించేవారు. ఆసియా వారిలో నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతున్నారు. మన ఎత్తుకు సరిపడే దారాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ చుట్టి చూడవచ్చు. అది అందకపోతే రక్తపోటును, రక్తంలో చక్కెరను పరీక్షించుకోవడం మంచిది. నాన్నగారి నడుము ఆనాడు కొలిచి ఉంటే 91 ఉండేదేమో. ఆపరేషను నాటికి అంతే ఉంది. 58 కిలోలన్న అంకె దానిని కప్పివేసింది.

మన మాటల తూకమూ చూసుకోవాలి. గుడిలో కలిసినప్పుడు "ఏమ్మా, బాగా ఒళ్ళు చేశావే" అనీ, "చిక్కిపోయావు, తినడం లేదా" అనీ పలకరించడం మన పెద్దల అలవాటు. ఆ మాటల్లో ఆప్యాయత ఉంది. కాని వినే పిల్ల చెవికి అది తూకపు యంత్రం చెప్పిన తీర్పులా వినిపించవచ్చు. "ఎలా ఉన్నావమ్మా, ఏం చదువుతున్నావు?" అన్న పలకరింపులోనూ అంతే ఆప్యాయత ఉంటుంది.

మా ఇంట్లో ఆ యంత్రం ఇప్పటికీ ఉంది. నాన్నగారు శనివారం దాని మీద నిలబడతారు. ఆ తరువాత మా అమ్మాయి ఒక టేపు తెచ్చి ఆయన నడుము కొలిచి, చక్కెర పరీక్ష ఫలితం పక్కనే ఒక పుస్తకంలో రాస్తుంది. మొదటిసారి టేపు చూడగానే ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నారు. "తాతయ్యా, ఊపిరి వదలండి, అబద్ధం కొలవకూడదు" అన్నది. ఆయన నవ్వి, ఊపిరి వదిలారు. ఆ రాత్రి ఇద్దరూ కలిసే భోజనానికి కూర్చున్నారు.