బలాన్ని గుర్తుచేసే అణువు

మందు అనగానే క్రిమిని చంపేదే మనకు గుర్తొస్తుంది. కానీ క్రిమి జోలికే పోని మందులు కొన్ని ఉన్నాయి. అవి నేరుగా మన రక్షక కణాల దగ్గరికి వెళ్లి, వాటి బలమేమిటో వాటికే గుర్తుచేస్తాయి. సముద్రం దాటింది హనుమంతుడే. కానీ ఒడ్డున జాంబవంతుడు నోరు విప్పబట్టే దాటాడు. ఇమిక్విమోడ్ ఆ మాట చెప్పే మందు.

ఎంత చిన్నదో చూడండి! 14 కార్బన్లు, 16 హైడ్రోజన్లు, 4 నైట్రోజన్లు. అంతే దాని ఆస్తి. అణుభారం 240. మన రక్తంలో తిరిగే యాంటీబాడీ ఒక్కటి దీనికి సుమారు 600 రెట్లు బరువు. అంత పిసరు అణువు మాటకు ఒళ్లంతా కదులుతుంది!

అమెరికాలో త్రీఎం కంపెనీ శాస్త్రవేత్తలు వైరస్‌ మందుల కోసం వెతుకుతుంటే దొరికిందిది. గాజుపాత్రలో వైరస్‌ను ఏమీ చేయలేదు. ప్రాణమున్న ఒంట్లో మాత్రం అదే వైరస్ తోక ముడిచింది. 1997లో ఒక రకం పులిపిర్లకు పైపూతగా అనుమతి వచ్చింది. కణంలో అది తట్టే తలుపు ఏదో తేలింది మాత్రం 2002లో. జపాన్‌లో షిజువో అకీరా బృందం ఆ తలుపు పేరు చెప్పింది: టీఎల్ఆర్-7.

ఆ తలుపు ఒక రిసెప్టర్. కణం లోపలి సంచుల గోడలో పొంచి ఉంటుంది. వైరస్ ఆర్ఎన్ఏ జాడ పసిగట్టడమే దాని పని. ఆర్ఎన్ఏలోని గ్వానోసిన్ వచ్చి కూర్చునే గూట్లోనే ఇమిక్విమోడ్ కూడా ఇమిడిపోతుంది. ఇక చూడాలి ఆ సందడి! ఇంటర్‌ఫెరాన్ పొంగుతుంది. పక్క కణాలు వైరస్‌కు దారి మూసేస్తాయి. టీ కణాలు పనిలోకి దిగుతాయి. చర్మం పైపొరలో పాకే ఒక రకం క్యాన్సర్‌కు 2004 నుంచి ఈ పూతను కూడా వాడుతున్నారు. పూసినచోట ఎర్రగా కంది, పుండై, చెక్కు కడుతుంది. చూస్తే భయం వేస్తుంది. కానీ అక్కడ పోరాడుతున్నది మన సొంత సైన్యమే.

లేపడం ఒక విద్య అయితే, ఎంతవరకు లేపాలో తెలియడం అంతకు మించిన విద్య. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో సునీల్ డేవిడ్ బృందం ఈ అణువుల కుటుంబాన్నే ముందేసుకుని, ఒక చోట వేలాడే కార్బన్ తోకను ఒక్కొక్క కార్బన్ చొప్పున పొడిగిస్తూ పోయింది. నాలుగు కార్బన్ల దాకా శక్తి పెరిగింది. ఇంకా సాగదీస్తే ఒక్కసారిగా పడిపోయింది. ఒక్క కార్బన్ తేడా! శిల్పి ఉలికి కూడా ఇంతటి సున్నితం దొరకదేమో.

మరో చిక్కుంది. ఇలాంటి అణువు రక్తంలో పడి ఒళ్లంతా తిరిగితే జ్వరం, చలి, ఒళ్లునొప్పులు. అందుకే డేవిడ్ స్థాపించిన వైరోవ్యాక్స్ కంపెనీ దాన్ని టీకాల్లో ఎప్పటినుంచో వాడే అల్యూమినియం జెల్‌కు అంటగట్టింది. జెల్ దాన్ని లింఫు గ్రంథుల దాకా మోసుకెళ్తుంది. అక్కడ అణువు విడివడి, టీఎల్ఆర్-7, 8 రిసెప్టర్లను లేపుతుంది. లేపవలసిన చోటనే లేపడం! ఈ ఒద్దిక ఉంది చూశారూ, ఈ విద్యకంతటికీ అదే అందం.

ఆ జెల్ కాన్సాస్‌లోనే ఆగిపోలేదు. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీకి వచ్చింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన కరోనా వైరస్‌ను నిర్వీర్యం చేసి, భారత్ బయోటెక్ దానికి ఈ జెల్‌ను సహాయక ద్రవ్యంగా కలిపి కొవాగ్జిన్ చేసింది. 2021 జనవరిలో దానికి అత్యవసర అనుమతి దొరికింది. అంటువ్యాధి టీకాల్లో టీఎల్ఆర్-7, 8లను లేపే సహాయక ద్రవ్యంతో అనుమతి పొందిన మొదటి టీకా అదే.

మీరు వేయించుకున్నది కొవాగ్జినే అయితే, ప్రతి డోసులోనూ ఈ కుటుంబపు అణువు 15 మైక్రోగ్రాములు మీ భుజంలోకి దిగింది. ఇకమీదట మందుల గొప్పను ఎన్ని క్రిములను చంపాయన్న లెక్కతోనే కొలవకండి. మనలోని బలాన్ని మనకే గుర్తుచేసే మందు కూడా గొప్ప మందే.