ఏ తుపాకి నమ్మదగినది?



పుట్టిన ఊరు విడిచి వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో ఒక ప్రశ్న వినబడుచున్నది: తక్కువ ధరలో, మొరాయించకుండ పనిచేయు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏది? తొప్పూరు ప్రాంతములో అడవి అంచున వేరుశనగ, కర్రపెండలం వేసినవారు అడవిపందుల బాధ తాళలేక అడుగుచున్నారు. అమెరికాలో పెట్రోలు బంకులు, మోటళ్లు నడుపు మన పిల్లలు రాత్రి దొంగల భయముతో అడుగుచున్నారు. ఇద్దరి నష్టమును, భయమును నిజమైనవే. గనుక ఈ ప్రశ్నను కసరి త్రోసివేయుట పెద్దలమైన మాకు తగదు.

ముందు చట్టము మాట. సెమీ ఆటోమేటిక్ అనగా మీట నొక్కిన ప్రతిసారి ఒక గుండు పేలి, మరుసటి గుండు దానంతటదే ఎక్కునట్టి తుపాకి. సైన్యపు తూటాలు పట్టు .303, 7.62 మి.మీ. బోరు రైఫిళ్లు మన దేశములో నిషేధిత వర్గమునకు చెందినవి. పంట కాపుదలకు 1959 ఆయుధ చట్టము 13వ సెక్షను చూపినది మందు కూరి పేల్చు తుపాకి. అది చాలదని అధికారి ఒప్పుకొనినయెడల, నున్నని గొట్టము గల మరియొక తుపాకి. లైసెన్సు లేని తుపాకి దొరికితే, 2019 సవరణ ప్రకారము రెండు నుండి ఐదేండ్ల వరకు జైలుశిక్ష. చౌకగా దొరికినదని గుట్టుగా కొన్న నాటు తుపాకి అసలు ఖరీదు అది. లైసెన్సు ఉన్నను పందిని మన యిష్టము వచ్చినట్లు కాల్చరాదు. తమిళనాడు ప్రభుత్వము 2025లో అడవికి మూడు కిలోమీటర్ల అవతల పందులను కాల్చు పనిని అటవీ శాఖకే అప్పగించినది గాని రైతుకు ఇయ్యలేదు.

అయితే చట్టము ఒప్పుకొన్నంత మాత్రమున ప్రశ్న తీరిపోదు. అమెరికాలో అనేక రాష్ట్రములలో 18 ఏండ్ల యువకుడు అంగడిలో ఇట్టి రైఫిల్ కొనవచ్చును. అక్కడి మన పిల్లలలో అనేకులకు చట్టము అడ్డు కాదు. మనస్సాక్షి ఒక్కటే అడ్డు.

వాక్యము ఆత్మరక్షణను పూర్తిగా కాదనలేదు. నెహెమ్యా కాలములో గోడ కట్టినవారు ఒక చేత పని చేయుచు మరియొక చేత ఆయుధము పట్టిరి. కాని నిర్గమకాండము 22వ అధ్యాయము ఒక గీత గీచినది. రాత్రివేళ కన్నము వేయు దొంగ దెబ్బతిని చచ్చినయెడల కొట్టినవానిపై రక్తాపరాధము లేదు; ప్రొద్దు పొడిచిన తరువాత అయితే ఉన్నది. భేదము ఎక్కడ? వెలుగులో ఎదుటివాడు ఎవడో, ఎందుకు వచ్చెనో చూడగలము. చూడగలిగినవాడు చూచి తీరవలెను.

2023 మార్చిలో మన ధర్మపురి జిల్లాలోనే మారండహళ్లి దగ్గర పంట కాపుదలకు అక్రమముగా పెట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చెను. రెండు గున్నలు తల్లులు లేనివాయెను. ఆ కంచె చౌకయే. మొరాయించలేదు కూడ. పెట్టిన పని తప్పక చేసినది. కాని పంది ఏదో, ఏనుగు ఏదో, చీకటిలో నడచివచ్చు పొరుగువాడు ఎవడో దానికి తెలియదు. యంత్రము నమ్మదగినదగుట వేరు, వివేకము వేరు.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో మెచ్చుకొను గుణమేది? గుండుకు గుండుకు నడుమ వ్యవధి లేకుండుట. మందు కూరు తుపాకిలో ఆ వ్యవధి ఉన్నది. మనిషి ఊపిరి పీల్చి, మరల చూచి, ఆగుటకు చోటున్నది. మనస్సాక్షి మాటలాడునది ఆ చోటనే. తొప్పూరు ఘాటు దిగు లారీ డ్రైవరు ఇంజను సత్తువ చూచి ధైర్యము తెచ్చుకొనడు, బ్రేకు చూచుకొనును. తుపాకి అడుగువారును అట్లే చేయవలెనని మా మనవి.

మరియొక సంగతి దాచరానిది. అమెరికాలో తుపాకి మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. దొంగ కొరకని కొన్నది ఇంటివానినే తీసికొనిపోవుట అక్కడ అరుదు కాదు. అప్పులతో, త్రాగుడుతో, మనోవేదనతో నలుగుచున్న ఇంటికి ఏ తుపాకియు నమ్మదగినది కాదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. తుపాకికి పిట్టగోడ అనగా తాళము, వేరొక చోట దాచిన తూటాలు, పిల్లలకు దొరకని తాళపుచెవి. అది కట్టలేనివాడు కొనరాదు.

రైతు సహోదరులారా, పంట నష్టమునకు అటవీ శాఖ పరిహారము అడుగుడి. ఒంటరిగా కాక నలుగురు కలిసి రాత్రి కావలి కాయుడి. తప్పనిసరియైతే లైసెన్సుతో, నిదానమైన తుపాకినే కోరుడి. దూరదేశములోని పిల్లలారా, గల్లాపెట్టెలోని డబ్బు ప్రాణమంత విలువైనది కాదు, అది మీ ప్రాణమైనను, దొంగ ప్రాణమైనను. ఏ తుపాకి నమ్మదగినదని అడుగుటకు ముందు, మా చెయ్యి, మా ఇల్లు నమ్మదగినవేనా అని ప్రతి కుటుంబము ప్రార్థనలో అడుగునుగాక.

కాపాడువాడైన దేవుడు మీ రాకపోకలయందు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.