కూలీకి నిరుద్యోగం రాదు

ఆలమూరులో ఏ టీ కొట్టు దగ్గరైనా పావుగంట కూర్చుంటే రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, "పనికి మనుషులు దొరకట్లేదండి." రెండోది, "మావోడు బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడండి." చాలాసార్లు రెండూ అనేది ఒకే మనిషి. పక్కన గౌతమి, చుట్టూ వరి, కొబ్బరి, అరటి, కాస్త దూరంలో రావులపాలెం. పనే లేని ఊరు కాదిది.

మా నాన్నగారి ఊరు కాబట్టి పండగలకి వెళ్తుంటాను, ఏళ్ళ తరబడి ఇవే వింటున్నాను. ఈ రెండు మాటలకీ పొసగకపోవడం కాదు నన్ను తొలిచేది. బీటెక్ కుర్రాడి ఖాళీకి ఒక పేరుంది, నిరుద్యోగం. ఊడుపులయ్యాక కోతలదాకా సరిగ్గా పని దొరకని ఆడకూలీ ఖాళీకి పేరే లేదు. ఆవిణ్ణి నిరుద్యోగి అని ఎవరైనా అనగా విన్నారా? ఇంజనీరింగ్ అయ్యాక ఎనిమిది నెలలు నేనూ ఖాళీగానే ఉన్నాను. అయ్యో పాపం అన్నారు, మంచి కంపెనీలోనే వస్తుందిలే అన్నారు. పోనీ కోతకి వెళ్ళొచ్చు కదా అని ఒక్కళ్ళూ అనలేదు.

ఇది మాటల గొడవేనా అంటే, కాదు. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ముఖ్యమంత్రి యువనేస్తం' మొదలుపెట్టి నిరుద్యోగులకి నెలకి 1,000 రూపాయలు ఇచ్చింది, తర్వాత 2,000 చేసింది. అర్హత డిగ్రీ లేదా డిప్లొమా. అంటే నిరుద్యోగి అవ్వాలన్నా సర్టిఫికెట్ ఉండాలి! ఇక సర్వేల సంగతి. కేంద్రం చేసే ఉపాధి లెక్కల్లో వారం పద్ధతి ఒకటుంది. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఆ వారానికి ఉపాధి ఉన్నట్టే. మన ఆడకూలీ వారంలో ఒక పూట కలుపు తీసినా చాలు, ఆ లెక్కలో ఆవిడకి లోటేమీ లేదు.

ఈ లెక్క ఒక్కచోట తిరగబడింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని అడిగిన పదిహేను రోజుల్లోపు చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. చదువు ఊసు లేకుండా, పలుగూ పారా పట్టే మనిషికి కూడా నిరుద్యోగం ఉంటుందని దేశం మొత్తానికీ చట్టం ఒప్పుకోవడం అది. ఆ భృతి చేతికందినవాళ్ళు అరుదు, అది వేరే కథ. పథకం మొదలైంది మన దగ్గరే, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకం మీద కామందులకి ఎంత కోపమో చెప్పక్కర్లేదు. కూలీలు సోమరులైపోయారని ఇప్పటికీ అంటారు.

కామందుల బాధ అబద్ధమని నేననను. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. ఆ ఏడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 1,080 రూపాయలు. గిట్టలేదు, మానేశారు. ఉపాధి హామీని వ్యవసాయానికి కలపమని కూడా అడిగారు. అయితే పేర్లు చూడండి. గిట్టక రైతు పని మానేస్తే హాలిడే. గిట్టక కూలీ మానేస్తే బద్ధకం. నాలాంటివాడు మానేస్తే 'సరైన అవకాశం కోసం చూస్తున్నాడు'.

కాదనే హక్కు ఎవరికి ఉంది అన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది నాకు. బీటెక్ కుర్రాడు కొబ్బరి దింపుకి వెళ్ళనంటే తప్పు పట్టను. ఆ పనిలో భయం చెట్టు ఎత్తు ఒక్కటే కాదు. కింద నిలబడి "ఒరేయ్" అని కేకేసే గొంతు కూడా ఉంది. 2019లో గ్రామ వాలంటీర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం అన్నప్పుడు డిగ్రీ చదివినవాళ్ళూ చేరారు. ఆ డబ్బు ఎందుకూ చాలదు. కానీ ఒక గుర్తింపు కార్డు, పేరు చివర "గారు". నెల తిరిగేసరికి వస్తుందన్న నమ్మకం కూడా.

1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఈ విషయం రాశాడు. కులం పనిని విడదీయడంతో ఆగదు, పనివాళ్ళనే విడదీస్తుంది. ఒకరి పనిలోకి ఇంకొకరు వెళ్ళలేకపోవడంతో దేశంలో చాలా నిరుద్యోగానికి కులమే నేరుగా కారణమవుతుందని కూడా అన్నాడు. ఆలమూరు ఉన్న జిల్లాకి ఇప్పుడు ఆయన పేరే. ఆ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. జిల్లా బోర్డు మీద ఆయన పేరు చూసినప్పుడల్లా నాకు ఆ నిరుద్యోగం మాటే గుర్తొస్తుంది.

ఉద్యోగాల సృష్టి అనగానే మనకి ఫ్యాక్టరీ, ఐటీ టవర్ కళ్ళముందుకొస్తాయి. అవీ కావాలి, వద్దనను. కానీ ఉన్న పనిని ఉద్యోగంగా మార్చడం గురించి ఎవరూ మాట్లాడరు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' అని మొదలుపెట్టింది. యువతకి మెషీన్‌తో చెట్టెక్కడం నేర్పించి, ప్రమాద బీమా కూడా పెట్టింది. ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. చెట్లు మాత్రం మన చెట్లలాంటివే.

మొన్న సంక్రాంతికి ఇదంతా మా బాబాయికి చెప్పాను. ఆయనకి నాలుగెకరాల కొబ్బరి ఉంది, దింపువాళ్ళు దొరక్క కాయ చెట్టుమీదే ముదిరిపోతోందని గోల. అంతా ఓపిగ్గా విని, "బానే ఉందిరా అబ్బాయ్, ఆ బీమా ఎవడు కడతాడు, నేనా?" అన్నాడు. సగం మీరు, సగం ప్రభుత్వం అన్నాను. "మరి కాయ ధర పడిపోయినప్పుడో?" అన్నాడు. అప్పుడు కూడా అన్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, కండువా దులుపుకుని రాశి చూసుకోడానికి తోటలోకి వెళ్ళిపోయాడు.