తెలియక పోసిన ద్రవం, తెలిసి తిప్పిన తాళం

తెలియక చేసిన పనికి దోషం అంటుతుందా అన్న ప్రశ్న మీద బౌద్ధులూ జైనులూ తరాల తరబడి వాదులాడుకున్నారు, ధర్మశాస్త్రకారులు ప్రాయశ్చిత్త ప్రకరణాలు రాశారు, పురాణకర్తలు కథలు చెప్పారు. ఆ పాత ప్రశ్నను ఈనాడు పరీక్షించి చూడదలచినవారికి హోసూరు, సూళగిరి, కృష్ణగిరి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఏ డీజిల్ బంకైనా సరిపోతుంది. హోసూరు లారీలనూ మోటారు సైకిళ్లనూ తయారుచేసే ఊరు. సూళగిరి చుట్టుపక్కల పల్లెలు కొత్తిమీర, కూరగాయలు పండించి బండ్లకెత్తే పల్లెలు. యంత్రమూ యూరియా బస్తా రెండూ ఇంటి వస్తువులైన ఆ నేల మీద, బండిలో ఒకదానికి బదులు మరొక ద్రవం పోయడమనే పొరపాటు చర్చకు తగిన ఉదాహరణ.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలైన తరువాత వచ్చిన లారీల్లో చాలావాటికి, కొన్ని డీజిల్ కార్లకు కూడా, రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదానిలో డీజిల్, నీలం మూత ఉన్న రెండోదానిలో, డ్రైవర్లు యాడ్‌బ్లూ అని పిలిచే ద్రవం. ఇందులో నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగిలినదంతా లవణాలు తీసేసిన శుద్ధజలం. దీనికి ఇంజనులో పని లేదు, పొగ బయటికి పోయే దారిలోనే పని. అక్కడి వేడికి యూరియా విడిపోయి అమ్మోనియా పుడుతుంది, ఆ అమ్మోనియా పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను హానిలేని నైట్రోజన్‌గానూ నీటి ఆవిరిగానూ మారుస్తుంది. అదే ద్రవం డీజిల్ ట్యాంకులో పడితే డీజిల్‌తో కలవక, దానికంటే బరువైనది కనుక అడుగుకు చేరి, అక్కడినుంచి పైపుల్లోకి ఎక్కి, నీరు ఆరిన చోటల్లా తెల్లని పలుకులుగా గడ్డకట్టి ఫిల్టరునూ పంపునూ ఇంజెక్టర్లనూ పాడుచేస్తుంది. డీజిల్ కారులో పెట్రోలు పోసినప్పుడు జరిగే చేటు వేరు విధమైనది: వెయ్యి బార్‌లకు పైబడిన ఒత్తిడిలో పనిచేసే పంపుకు డీజిలే కందెన కూడా కావడం వల్ల, ఆ జిడ్డు లేని పెట్రోలు రాగానే లోహం లోహాన్ని గీరుకుని, రాలిన రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. పెట్రోలు కారులో డీజిల్ పడితే నష్టం సాధారణంగా ఇంతకంటే తక్కువ.

ఇందులో ఎక్కడా పోసినవాడి మనసుకు చోటు లేదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం తొలి సూత్రాల దగ్గర ఒక విభజన చేశారు: క్రియ పురుషతంత్రం, అంటే చేయడం, మానడం, మరోలా చేయడం మనిషి చేతిలోనే ఉంటాయి, జ్ఞానం వస్తుతంత్రం, అంటే వస్తువు ఎలా ఉందో అలా తెలుసుకోవలసిందే గాని మనిషి ఇష్టం అక్కడ చెల్లదు. బ్రహ్మజ్ఞానం విధినిషేధాలకు లొంగేది కాదని నిరూపించడానికి ఆయన ఈ మాట చెప్పారు; దాన్ని కొంత సాగదీసి, ట్యాంకులో పోయడం పురుషతంత్రమనీ, పోసిన తరువాత జరిగేదంతా వస్తుతంత్రమనీ అనుకోవడంలో తప్పులేదు.

భాగవతం ఈ వస్తుశక్తిని రెండు వైపుల నుంచీ చూపింది. ఆరో స్కంధంలో అజామిళుడు చావుభయంతో నారాయణ అనే పేరున్న కొడుకును పిలిచాడే గాని దేవుడైన నారాయణుణ్ణి తలచలేదు. అయినా విష్ణుదూతలు అతణ్ణి యమభటుల నుంచి విడిపించి, నిప్పు తెలిసి వేసిన కట్టెనూ తెలియక వేసిన కట్టెనూ ఒకేలా కాలుస్తుందనీ, మందు దాని గుణం తెలియనివాడికీ పనిచేస్తుందనీ వాదించారు. పదో స్కంధంలో నృగ మహారాజు కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. లెక్కలేనన్ని గోవులను దానం చేసిన ఆ రాజు మందలో ఒక బ్రాహ్మణుడి ఆవు తప్పిపోయి వచ్చి కలిసింది. రాజు అది తెలియక మరొకరికి దానమిచ్చాడు, అసలు యజమాని పట్టుకున్నాడు, ఒక్క ఆవుకు బదులు లక్ష ఇస్తానని బతిమాలినా ఇద్దరూ ఒప్పుకోలేదు, చివరకు రాజు ఊసరవెల్లి అయి నూతిలో పడి, కృష్ణుడు చేయిచ్చేదాకా అక్కడే ఉన్నాడు. హరికథల్లో అజామిళుడికి దొరికినన్ని చప్పట్లు నృగుడికి దొరకవు. తెలియక పలికిన నామం ఫలిస్తుందని సంతోషించేవారు తెలియక ఇచ్చిన దానం కాటేస్తుందని కూడా ఒప్పుకోవలసి ఉంటుంది. ఆ రెండింటికీ ఆధారం ఒకే సూత్రం.

బౌద్ధులు ఇక్కడే అడ్డుపడ్డారు. చేతన, అంటే సంకల్పమే కర్మ అని బుద్ధుడు చెప్పాడు. సంకల్పం లేనిచోట కర్మ కూడా లేదు. జైనుల సూత్రకృతాంగం ఆ వాదాన్ని ఎగతాళి చేసింది, సొరకాయ అనుకుని పసిబిడ్డను కాల్చినవాడికి పాపం లేదంటారా అని నిలదీసింది. ఆశ్చర్యమేమిటంటే బౌద్ధుల మిళిందపన్హలోనే మరో జవాబు ఉంది. తెలిసి పాపం చేసినవాడికా, తెలియక చేసినవాడికా ఎక్కువ చేటు అని మిళింద రాజు అడిగితే, తెలియనివాడికే అన్నాడు భిక్షువు నాగసేనుడు. కాలిన ఇనుపగుండు సంగతి తెలియనివాడే దాన్ని గట్టిగా పట్టుకుని ఎక్కువ కాలుతాడు. రాజదండనకు ఇది పనికిరాని న్యాయమే, కానీ బండికి అచ్చంగా సరిపోతుంది. ట్యాంకులో తప్పు ద్రవం పడిందని తెలిసినవాడు బండిని స్టార్ట్ చేయకుండా బంకు నుంచి తోయించుకుంటాడు. తెలియనివాడు కృష్ణగిరి దాకా తోలి ఇంజెక్టర్లు పోగొట్టుకుంటాడు.

షెడ్డుకు ఈడ్చుకొచ్చిన బండి దగ్గర మెకానిక్ వేసే మొదటి ప్రశ్న ఎవరు పోశారని కాదు, ఎందుకు పోశారని కాదు, "స్టార్ట్ చేశారా?" అని. చేయలేదంటే ట్యాంకు దించి, ఉన్నదంతా పారబోసి, కడిగి, ఫిల్టరు మార్చి పంపించేయవచ్చు. చేశామంటే ఖర్చు పంపు దాకా, ఇంజెక్టర్ల దాకా పోతుంది. కొన్ని కార్లలో తాళం ఒక మెట్టు తిప్పగానే ట్యాంకులోని పంపు కదులుతుంది కనుక అది కూడా చేయకూడదు. పొరపాటుకూ నష్టానికీ నడుమ ఉన్న ఈ ఎడమే తత్త్వవిచారంలో అసలు ఘట్టం. పోయడం అజ్ఞానం, పోసిన క్షణంలోనే అనుమానం వచ్చి, ఎదుటివాళ్లు నవ్వుతారనో, ఓనరు తిడతాడనో, నాలుగు కిలోమీటర్లకు ఏమవుతుందిలే అనో తాళం తిప్పడం అజ్ఞానం కాదు, అది వేరొక కర్మ. పని ఒకటే అనుకుని తెలిసిందా తెలియదా అని వాదించినవారు ఈ రెండో కర్మను పట్టించుకోలేదు.

యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో, తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుందన్నాడు. తెలిసి చేసినవాడు ప్రాయశ్చిత్తం వల్ల లోకవ్యవహారానికి మాత్రం పనికొస్తాడన్నాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు కనుక, తెలుగువారికి ఈ తేడా ఏడువందల ఏళ్లుగా తెలిసినదే. మనువు చేసినవాడితో పాటు అనుమతించినవాణ్ణి, కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి కూడా హింసలో కర్తలుగా లెక్కించాడు. ఆ లెక్క ప్రకారం గొట్టం పట్టిన బంకు కుర్రవాడు ఒక్కడే కర్త కాడు, ఏది పోయాలో చెప్పకుండా సీటులోనే కూర్చుని ఫోను చూసుకుంటున్న డ్రైవరుకూ అందులో భాగముంది.

ఇంతవరకూ తెలియనివారి సంగతి. పొలంలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి, డబ్బాల్లో నింపి యాడ్‌బ్లూ పేరిట అమ్మడం దీనితో కలపరానిది. 2015 నుంచి ఈ దేశంలో వ్యవసాయ యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి; ఆ నూనె, ఎరువులోని ఇతర మలినాలు పొగగొట్టంలోని ఉత్ప్రేరకాన్ని, అంటే తాను తరగకుండా రసాయన చర్యను నడిపించే పదార్థాన్ని, చెడగొడతాయి. రైతుకు రాయితీ మీద ఇచ్చిన యూరియాను ఇలా మళ్లించడం చట్టరీత్యా నేరం కూడా. కొన్నవాడు నృగుడి లాంటివాడు. అతడి అజ్ఞానం నిజమైనది, ఖర్చూ నిజమైనదే. కలిపినవాడు బండికి కొత్త భాగాలు కొనిచ్చినా అప్పు తీరుతుందే గాని, తెలియక చేసినవారికి చెప్పిన శుద్ధి అతడికి వర్తించదు.